పెన్నేటి పడవదారి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



ఉదయగిరినుండి తూర్పుగా గీటు గీచి కొలిచినచో సముద్రము సుమారు యాభై మైళ్ళు. ఆత్మకూరునుండి నలువదికి లోపే. ఇంత చేరువనున్న కడలి ఈ మెట్టసీమకు ఏ కాలమునందును వాకిలి కాలేదు. కోస్తా గ్రామములవారు పడవమీద ధాన్యము పంపి, పడవమీదనే సరుకులు తెచ్చుకొనుచున్న దినములలో ఇచ్చటివారు పెరికెద్దులమీదను, రెండెడ్ల బండ్లమీదను బరువులు వేసికొని ఇసుక దారులను, కొండ కనుమలను దాటుచుండిరి. పెన్నేటిని పడవదారిగా దిద్దినచో ఈ కష్టము తీరునుగదా యను తలంపు పుట్టి నూట అరువదియేండ్లు దాటినది. ఆ తలంపునకు లండను నగరమున ధనము కూడినది. కర్నూలు దిక్కునుండి కడపవరకు కాలువయు తెగినది. అచ్చటితో ఆగినది. 2016వ సంవత్సరమున పార్లమెంటు చేసిన చట్టములో పెన్నానది పేరు జాతీయ జలమార్గముల పట్టికకెక్కుటతో పాత ఆశ మరల తల యెత్తినది. ఆ కాలువ యేల ఆగెనో తెలిసికొనక ఈ ఆశను పెంచుకొనుటయు, త్రుంచుకొనుటయు రెండును తొందరపాటే యగును.

రేవు విలువ ఎఱుగని దేశము కాదిది. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఒడ్డునబడిన ఓడలలోని సరుకును అంతకు పూర్వపు రాజులు అపహరించుచుండగా, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఓడబేహారపు కుటుంబమునకు చెందినవాడు. ఉదయగిరి దుర్గమును ఏడాదిన్నర ముట్టడి పిదప 1514లో గజపతులనుండి గెలిచిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున రేవులను పెంపొందింపవలయుననియు, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి, ఆ సరుకు శత్రువులకు పోకుండ చూచుకొనవలయుననియు చెప్పియున్నాడు. దుర్గము పట్టిన రాజే రేవును గూర్చియు తలపోసెననుట గమనింపదగినది. గుఱ్ఱము లేక దుర్గము నిలువదు. రేవు లేక గుఱ్ఱము రాదు.

రాజునకు కావలసినది గుఱ్ఱమైనచో సామాన్యునకు కావలసినది ఉప్పు. కోస్తా ఉప్పుకొటారులనుండి ఉప్పును పడమటికి, పడమటి ధాన్యమును తూర్పునకు మోసినవారు లంబాడీలును, ఎఱుకలవారును. ఊరూరు తిరిగి, ఉప్పు కొలిచి, గింజలు కొలిపించుకొని పోవు ఆ పెరికెద్దుల బిడారులే ఈ సీమకు సముద్రముతో నున్న నిజమైన సంబంధము. పంతొమ్మిదవ శతాబ్దిలో ఉప్పుమీద దొరతనమువారి కట్టుబాట్లు బిగిసినవి. రైళ్ళు వచ్చినవి. బిడారుల బేరము కూలినది. బ్రదుకుతెరువు పోయిన ఎఱుకలవారిని నేరస్థ జాతుల చట్టము క్రింద పుట్టుదొంగలుగా ముద్రవేసి, కావలి మొదలైన తావులందు సెటిల్మెంట్లలో కాపలా నడుమ నుంచిరి. ఆ చట్టము 1952లో గాని రద్దు కాలేదు. దారులు వేయువారి లెక్కలలో ఇట్టి ఖర్చు ఏ పద్దునను కానరాదు.

ఇక పెన్నేటి సంగతి. 1847–52 నడుమ ధవళేశ్వరపు ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొర నీటిని పొలమునకును పడవకును ఒక్కతూరియే వినియోగింపవలయునని నమ్మినవాడు. రైలుకన్న కాలువ చౌకయని ముదిమివరకు వాదించినవాడు. ఆయన అభిప్రాయముల బలముతో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యేర్పడినది. ఆ కంపెనీ మూలధనములో పది లక్షల పౌనులకు నూటికి ఐదు వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము హామీ యిచ్చెను. కాలువ లాభించినను, లాభింపకున్నను లండనులోని వాటాదారునకు వడ్డీ తప్పదు. ఆ వడ్డీ యెవరి శిస్తునుండి రావలసినదో గ్రామ లెక్కలు చూచువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

కంపెనీవారి మొదటి తలంపు గొప్పది. కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టవలెను. అచ్చట మళ్ళించిన నీటిని నంద్యాల సీమలో కుందేటి లోయ వెంట నడిపి పెన్నకు చేర్చవలెను. కడప దాటి, పెన్నేటి దారిని పట్టుకొని, వెలిగొండలను గడచి, నెల్లూరు మీదుగా కృష్ణపట్నము రేవున సముద్రమున కలుపవలెను. పటముమీద ఈ దారిని వ్రేలితో పోల్చినవారికి వెంటనే తట్టు సంగతి యొకటి కలదు. వెలిగొండలను చీల్చుకొని పెన్న తూర్పునకు వచ్చు సందు సోమశిల. ఆ సందు దిగినంతనే ఆత్మకూరు సీమ. కావున ఈ కాలువ తుదిదాక సాగియుండినచో బళ్ళారి కర్నూలు ప్రాంతముల ప్రత్తితోపాటు ఈ సీమ రైతు బస్తాయును సంగము దగ్గర పడవయెక్కి కృష్ణపట్నమున ఓడ మారెడిది. ఉదయగిరి బండ్లు బొగ్గేటి వెంట దిగివచ్చి ఆ రేవునే చేరెడివి.

1863లో తవ్వకము మొదలైనది. 1870 ప్రాంతమునకు 190 మైళ్ళ కాలువ కడపకు వచ్చినది. రాజోలి వద్ద కుందేటికిని, ఆదినిమ్మాయనపల్లె వద్ద పెన్నకును ఆనకట్టలు లేచినవి. నేల పల్లమునకు దిగిన చోట్ల లాకులు కట్టిరి. లాకు అనగా రెండు జతల తలుపుల నడుమనున్న నీటితొట్టి. ఎగువ తలుపులు తెఱచి పడవను లోనికి తెచ్చి, వానిని మూసి, దిగువ తూము విడిచినచో తొట్టిలోని నీటితోపాటు పడవయు మెల్లగా దిగును. అప్పుడు దిగువ తలుపులు తెఱచి సాగిపోవుటే. ఎక్కుటకు ఇదియే తలక్రిందుల పని. యంత్రము లేదు, బొగ్గు లేదు. నీటి బరువే పనిచేయును. చూచుటకు ముచ్చటైన ఏర్పాటు. అయినను ఒక్కొక్క పడవ దిగినపుడెల్ల ఒక తొట్టెడు నీరు దిగువకు పోవును. నీరు కఱవైన దేశమున ఈ తొట్టెడు కూడ లెక్కకు రావలసినదే.

కడప దాటుటకు సొమ్ము మిగులలేదు. అంచనాలు మించినవి, హామీ సొమ్ము చాలక ప్రభుత్వమునొద్ద అప్పుచేసిరి. కడపటికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కంపెనీనుండి కొనివేసెను. పడవలు కర్నూలు కడపల నడుమ కొంతకాలము తిరిగినవి. 1933లో వానిని మానిపించిరి. నేడు కె.సి. కాలువ యనినంతనే అందరికిని సాగునీరే జ్ఞప్తికి వచ్చును. దానిని మొదట సముద్రమునకు దారిగా తలంచిరని చెప్పినచో ఆ కాలువ క్రింది రైతులే వింతగా చూతురు.

సొమ్ము చాలకపోవుట పైకి కనబడు కారణము మాత్రమే. మద్రాసునుండి కడప, గుంతకల్లుల మీదుగా రాయచూరునకు పోవు రైలుమార్గము 1871 నాటికి పూర్తియైనది. కాలువ కడప చేరునప్పటికే రైలు అచ్చట కూత వేయుచున్నది. సముద్రమునకు ఎడముగ ఆగిన కాలువకును, తిన్నగ మద్రాసు చేరు రైలునకును పోటీ యేమి కలదు?

రైలు లేకున్నను మరియొక చిక్కు మిగిలియే యుండెడిది. కాలువ క్రింద సేద్యము చేయువారికి అది బాగుగ తెలియును. పైరు నీటిని త్రాగును. పడవ త్రాగదు గాని, నీటిని నిలిచియుండుమనును. సేద్యపు కాలువలో తూములెత్తిన కొలది చివరకు నీరు తగ్గును. పడవకు మొదట నాలుగడుగులుండి చివర అడుగున్న ప్రయోజనము లేదు; దారి పొడవునను లోతుండవలెను. వేసవిలో కాలువ కట్టివేసి పూడిక తీయుమని రైతు కోరును. ఏడాది పొడవునను తెఱచియుంచుమని సరంగు కోరును. గోదావరి కృష్ణా డెల్టాలలో ఈ యిరువురి తగవు చాలకాలము సర్దుబాటుగ నడచినదనినచో అచ్చటి నేల చదునైనది, నదులు నీరుగలవి. కుందేటి లోయలో ఆ రెండు భాగ్యములు లేవు. పైగా నల్లరేగడి రైతులు మొదట కాలువ నీరు తీసికొనుటకే జంకిరి. పొలమునుండి శిస్తు రాక, పడవనుండి సుంకము రాక, కంపెనీకి రెండు వైపులను చెడినది.

కాటన్ దొర అభిమానులు దీనిని ధనలోపమని సరిపెట్టుదురు. ఆ సమాధానము చాలదు. ఏలయన, గోదావరి యంతటి నదియే ఎగువ భాగమున లొంగలేదు. నాగపూరు, బీరారు దేశముల ప్రత్తిని ప్రాణహిత గోదావరుల మీదుగా సముద్రమునకు దింపవలెనని దుమ్ముగూడెము మొదలైన తావులందు రాతి మెట్టలను తప్పించు కాలువలు, లాకులు కట్టనారంభించి, 1871లో ఆ పథకమునే విడిచిరి. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని కలదు. గోదావరి విషయమే అట్లుండగా పెన్నను నమ్ముటకు ముందు పెన్న యెట్టిదో చూడవలెను.

పెన్న కర్ణాటకమున నందికొండల ప్రాంతమున పుట్టి 597 కిలోమీటర్లు పారి నెల్లూరు దిగువన సముద్రమున కలియును. దారి పొడవునను వానచాటు దేశము. పాపఘ్ని, చిత్రావతి, కుందేరు, సగిలేరు, చెయ్యేరు మొదలైనవన్నియు కలిసినను వైశాఖమున ఇసుకలో చెలమలు తీసి బిందె నింపుకొనవలసిన నది యిది. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండము పట్టినచో అదే నది గట్లు త్రెంచును. 2021 నవంబరులో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకొనిపోయిన దారుణమును ఎవరును మఱువలేదు. పడవవానికి చెలమయు పనికిరాదు, వెల్లువయు పనికిరాదు.

కంపెనీ కాలువ సముద్రము చేరకపోయినను, సముద్రపుటొడ్డు వెంట మాత్రము వేరొక పడవదారి సిద్ధమైనది. 1806లో మద్రాసునుండి ఎన్నూరువరకు తవ్విన చిన్న కాలువ క్రమక్రమముగ ఉత్తరమునకు పెరిగి, నెల్లూరు జిల్లా తీరమంతయు గడచి, పెదగంజాము వద్ద కృష్ణా డెల్టా కాలువలతో కలిసినది. 1876–78 నాటి ధాతుకఱవులో కూలికి అలమటించు ప్రజలచేత మద్రాసు నగరములోని భాగమును త్రవ్వించి, నాటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేర బకింగుహాము కాలువ యనిరి. మొత్తము సుమారు 420 కిలోమీటర్లు. ఉప్పు, ధాన్యము, శ్రీహరికోట వంటచెఱకు దానిమీదనే మద్రాసు చేరినవి. గాలి యున్నపుడు తెరచాప, లేనిచోట గెడ, అదియు సాగనిచో గట్టుమీద నడచుచు తాడుతో లాగు మనుష్యులు. 1899లో నెల్లూరు మీదుగా మద్రాసు బెజవాడల రైలు పడినపిదప ఆ కాలువ వైభవము తగ్గుచు వచ్చినది. 1960లలోను, 1976లోను వచ్చిన తుపానులు దానిని పూడ్చినవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు ఆ పాడుపడిన కాలువయే అలల పొగరును కొంత మ్రింగి తీర గ్రామములవారిని అనేకులను కాపాడినది. పడవ నడవకున్నను త్రవ్విన పుణ్యము ఊరకపోలేదు.

అయితే ఆ కాలువ ఉత్తర దక్షిణముల దారి. తీరమువాడు తీరమువానితో బేరము చేసికొనుటకు అది చాలును. ఉదయగిరి ఆత్మకూరులకు కావలసినది పడమటినుండి తూర్పునకు దారి. అది నాటికిని బండి బాటయే.

1970లలో సోమశిల వద్ద ఆనకట్ట పని మొదలై, 78 టి.ఎం.సి.ల జలాశయము వెలసినది. దానికొఱకు కడప జిల్లాలో అనేక గ్రామములు మునిగినవి. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒడంబడిక ననుసరించి కృష్ణానది నీరు శ్రీశైలమునుండి వెలుగోడు, బ్రహ్మంగారిమఠము మీదుగా సోమశిలకును, అచ్చటినుండి కండలేరునకును, అటుపై చెన్నపట్టణమునకును పోవునట్లు కాలువలు తవ్విరి. 1996లో తొలిసారిగ ఆ నీరు చెన్నపట్టణపు దిక్కునకు చేరినది. కర్నూలు సీమనుండి పెన్న మీదుగా కోస్తాకు నీరు రావలెనని కంపెనీవారు కన్న కలలో సగము, నూటికి మించిన యేండ్ల పిదప, ఇట్లు నిజమైనది. నీరు వచ్చినది, పడవ రాలేదు. రాకపోవుటయే మంచిదని చెప్పుటకు కొంత లెక్క వేయవలసియున్నది.

సోమశిల దిగువన నదిలో పడవ నడుచుటకు ఏడాది పొడవునను వేయి క్యూసెక్కులు, అనగా సెకనుకు వేయి ఘనపుటడుగుల నీరు, విడుతురనుకొందము. దినమునకు 86,400 సెకనులు. దినమున పోవునది 8 కోట్ల 64 లక్షల ఘనపుటడుగులు. 365 దినములకు 3,153 కోట్ల 60 లక్షలు. నూరు కోట్ల ఘనపుటడుగులు ఒక టి.ఎం.సి. గనుక ఇది 31న్నర టి.ఎం.సి.లు. నిండు సోమశిలలో అయిదింట రెండుపాళ్ళు. ఒక టి.ఎం.సి. నీటితో సుమారు పదివేల ఎకరముల ఆరుతడి పైరు పండునని సామాన్యముగ వేయు లెక్క. కావున మూడు లక్షల ఎకరములకు పైబడిన పైరు నీరు ఇది. ఇంతయు విడిచినను నదిలో లోతెంత? పెన్నేటి పాటను రెండువేల అడుగుల వెడల్పని తక్కువగ వేసికొని, సెకనుకొక అడుగు వేగమున నీరు నడచునన్నచో, లోతు అర అడుగు. ఆ నీటిలో పడవ కాదు, అరటిదొప్ప తేలును. బరువు పడవకు నాలుగైదు అడుగులు తప్పవు.

అట్లు గాక ఆనకట్టలు వరుసగ కట్టి, మెట్లుమెట్లుగ నీటిని నిలిపి, లాకులతో పడవను దింపవచ్చునని యింజనీర్లందురు. అదియు నిజమే. సోమశిల నిండుమట్టము సముద్రమునకు 330 అడుగుల ఎత్తు. లాకునకు పదేసి అడుగులు దింపినను ముప్పదిమూడు లాకులు. ముప్పదిమూడు చోట్ల తలుపులు, కాపరులు, మరమ్మతులు. వెల్లువ వచ్చినపుడెల్ల ఇసుక పూడిక. ఇంత చేసి సోమశిల దగ్గర పడవ యెక్కించు సరుకెంత?

దక్షిణ అమెరికాలో పరాగ్వే యను దేశమున్నది. దానికి సముద్రము లేదు. అయినను పరాగ్వే, పరానా నదుల మీదుగా దాని సోయా పంట వందలకొలది మైళ్ళు పడవలమీద నడచి సముద్రమును చేరుచున్నది. పెన్నకు అనుకూలముగ మాట్లాడువారు ఇట్టి దృష్టాంతమును తెచ్చుట కలదు. కాని అవి మహానదులు. 2021లో పరానా నీరు ఎన్నో దశాబ్దములలో ఎన్నడును లేనంతగ తగ్గినపుడు ఆ పడవలును సగము బరువుతోనే నడువవలసివచ్చినది. పరానా పాట్లే అవి యైనచో పెన్న మాట యెత్తనేల?

2016 నాటి చట్టమును జాగ్రత్తగ చదివినవారికి ఇంకొక సంగతి తెలియును. ఆ చట్టమున పెన్న 79వ జాతీయ జలమార్గము. కాని నది యంతయు కాదు. నెల్లూరు వద్ద ఆనకట్టనుండి సముద్రమువరకు దాదాపు 29 కిలోమీటర్లు మాత్రమే. సంగమును, సోమశిలయును, ఆత్మకూరును అందులో లేవు. పత్రికలలో పెన్న జలమార్గమని చూచి పడవ సంగమునకు వచ్చునని చెప్పుకొన్నవారికి ఇది నిరాశ కలిగింపవచ్చును గాని, చట్టము వ్రాసినవారు ఈ విషయమున యుక్తముగనే వ్రాసిరనవలెను. ఆ 29 కిలోమీటర్లలో దిగువ భాగమునకు సముద్రపు పోటు నీరందును. 2008లో జాతీయ జలమార్గముగ ప్రకటింపబడిన కాకినాడ పుదుచ్చేరి కాలువలలో బకింగుహాము కాలువయు చేరియున్నది. ఈ రెండింటిని కలిపి బాగుచేసినచో నెల్లూరు ధాన్యము, ఉప్పు, సున్నము వంటి బరువు సరుకులు నీటిమీద పోవుటకు వీలుకలదు. త్రాగునీటిని, సాగునీటిని ముట్టని పడవదారి అది యొక్కటియే.

మెట్టసీమకు మాత్రము సముద్రపు దారి నేలమీదనే దొరకవలెను. కొంత దొరకినది కూడ. 2008లో కృష్ణపట్నమున క్రొత్త రేవు తెఱచిరి. ఆ రేవునుండి నెల్లూరు, సంగము, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరుల మీదుగా బళ్ళారి హుబ్బళ్ళి దిక్కునకు పోవు 67వ జాతీయ రహదారి, కంపెనీవారు కాలువ తీయదలచిన దేశమునే దాదాపుగ చుట్టివచ్చును. బళ్ళారి ఇనుపరాయి నిండిన లారీలు ఆత్మకూరు నడుమనుండి కొన్నేండ్లు తూర్పునకు పరుగులిడినవి. ఆత్మకూరువారికి దానివలన లభించినది యెక్కువగ ఎఱ్ఱని దుమ్మే. 2019 సెప్టెంబరు 1న ఓబులవారిపల్లె వెంకటాచలముల నడుమ రైలుమార్గమును నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు జాతికి అంకితము చేసిరి. ఆయన 1978, 1983 ఎన్నికలలో ఉదయగిరినుండియే శాసనసభకు గెలిచినవారు. రాపూరు దిక్కున వెలిగొండలను తొలిచి ఆ దారికి ఆరున్నర కిలోమీటర్ల సొరంగము తీసిరి. కాటన్ నాటివారు పెన్న చీల్చిన సందును వెదకికొని దిగవలెననుకొనగా, ఈనాటివారు కొండనే చీల్చిరి. కడప సీమకు రేవు దగ్గరైనది. ఉదయగిరికి కాలేదు.

ఉదయగిరి ఆత్మకూరులనుండి సముద్రము దాటు సరుకు లేదనుకొనరాదు. కలిగిరి, డి.సి.పల్లి వేలము కేంద్రములలో అమ్ముడుపోవు పొగాకు దేశాంతరములకు పోవుచున్నది. ఉదయగిరి కొయ్యగరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొంది పరదేశపు భోజనపు బల్లలమీదికెక్కినవి. ఆ చెంచా చెక్కినవానికి సముద్రమెట్లుండునో తెలియకపోవచ్చును. దాని అంగడి మాత్రము సముద్రమున కావలనున్నది. అయినను ఈ సీమనుండి అన్నిటికన్న ఎక్కువగ బయటికి పోవు సరుకు మనుష్యులే. వాన తప్పినయేడు ఇండ్లకు తాళములు పడును. ముసలివారు మిగులుదురు. మిగిలినవారు త్రాగు బావినీట పెక్కు పల్లెలలో ఫ్లోరైడు దోషము కలదు. ఇట్టి చోట సోమశిల నీరు పడవ క్రింద నిలువవలెనా, పైరు క్రింద నిలువవలెనా యని అడిగినచో జవాబు చెప్పుటకు ఇంజనీరు అక్కరలేదు.

కావున ఈ సీమవారు పెద్దలయెదుట వినిపింపవలసిన కోర్కె రెండు పాయలుగ నున్నది. నీటిని నీటి పనికి అడుగవలెను. సోమశిల ఎగువ కాలువ, అనగా హైలెవలు కాలువ, ఆత్మకూరు ఉదయగిరి మెట్టలకొఱకు ఉద్దేశింపబడినది. శ్రీశైలమునుండి నీరు తెచ్చు వెలిగొండ ప్రాజెక్టు ఆయకట్టు 4,47,300 ఎకరములు. అందులో ఉదయగిరి ప్రాంతపు పొలములును కలవు. ఆ ప్రాజెక్టు రెండు సొరంగముల తవ్వకము 2024 జనవరి నాటికి ముగిసినది. కొండ కావలనుండి నీరు ఇవలికి వచ్చుటకు మిగిలిన పనులేవో గ్రామమునకొకరైనను తెలిసికొని యుండుట మంచిది.

దారిని దారిగ అడుగవలెను. నడికుడి శ్రీకాళహస్తి రైలుమార్గము పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరుల మీదుగ పోవునట్లు తలపెట్టినది. 309 కిలోమీటర్ల ఈ దారి రాపూరు వద్ద కృష్ణపట్నపు రైలు దారికి చేరువగును. రామాయపట్నమున 2022లో వేరొక రేవునకు పని ఆరంభమైనది. రైలు ఊరి ప్రక్కగ పోవుట వేరు, ఊరి సరుకును ఎక్కించుకొని పోవుట వేరు. బళ్ళారి లారీలు నేర్పిన పాఠమదియే. ఆత్మకూరు, వింజమూరు స్టేషన్లలో సరుకులెక్కించు ప్లాటుఫారమును, గిడ్డంగియు, పొగాకు బేళ్ళకు, అపరాలకు వాన తగులని చోటును పటములో నున్నవా లేవా యని పట్టాలు పడకముందే విచారింపవలెను. స్టేషను కట్టిన పిదప గిడ్డంగికి స్థలము దొరకదు.